పెద్ద టీములో పాలన్నం

కలకత్తాలో మావాడికి ఫుట్‌బాల్ నేర్పిన మాస్టారు వాడి వయసు ఏనాడూ అడగలేదు. అడిగి ప్రయోజనం లేదని ఆయనకి తెలుసు. ఓడరేవు డాకులో పనిచేసేవాళ్ల పిల్లల్లో సగంమందికి పుట్టినరోజంటే బడిలో చేర్చుకున్న పూట గుమస్తాకి తోచిన తేదీ. అందుకని అక్కడ పిల్లల్ని టీములుగా విడదీసేది పొడుగుని బట్టి. రెండు వెదురుకర్రలు నిలువుగా పాతి, మూడోది వాటికి అడ్డంగా కట్టేవారు. తల తగలకుండా దాని కింద నుంచి నడిచిపోతే ఆ టీములో ఆడొచ్చు, తగిలితే పై టీముకి పోవాలి. చిన్న టీముకి అడ్డకర్ర నాలుగడుగుల పదంగుళాల ఎత్తులో ఉండేది, పెద్ద టీముకి ఐదడుగుల రెండంగుళాల ఎత్తులో. ఊళ్లో ఏ పేటకెళ్లినా పిల్లల పోటీలు ఇలాగే జరిగేవి కాబట్టి టీములకి వేరే పేర్లు కూడా ఉండేవి కావు. ఒకటి నాలుగు పది, ఇంకోటి ఐదు రెండు.

మోకాళ్లు వంచి, మెడ భుజాల్లోకి లాక్కుని, ఆ కర్ర కింద నుంచి దొంగల్లా నడిచే పిల్లల్ని చూడ్డం నాకు భలే సరదా. మాస్టారు తలలు చూసేవాడు కాదు, మోకాళ్లు చూసేవాడు. జనపనార మిల్లులో పనిచేసి రిటైరైన బెంగాలీ పెద్దమనిషి ఆయన. మందపాటి కళ్లజోడు, మెడలో ఈల, ఎంత ఎండలోనైనా చంకలో గొడుగు. మైదానమంటే పెద్ద మైదానమేమీ కాదు. డాకు గోడని ఆనుకుని గడ్డి తక్కువా ఇటుకముక్కలు ఎక్కువా ఉన్న ఖాళీ జాగా.

నేను పెళ్లయి శ్రీకాకుళం పక్క నుంచి వచ్చేటప్పటికి నా దగ్గర పదో తరగతి చదువూ, ఎవరికీ లొంగని నోరూ ఉన్నాయి. ఇక్కడి భాష లేదు. ఏక్‌బాల్‌పూర్‌లో మా వీధి నిండా డాకు పనివాళ్లే, అందులో సగానికి సగం మనవాళ్లే. దాంతో పదేళ్లు దాటినా నా బెంగాలీ బజారు దగ్గరే ఆగిపోయింది. చేపలావిడతో దెబ్బలాడగలను, అదే ఆవిడ కొడుకు పెళ్లి కబుర్లు చెబితే సగమే అర్థమయ్యేది. మా ఆయన సంగతీ అంతే. ఓడల్లోంచి సరుకు దించే గ్యాంగులో ఆయన పని. ఎత్తు, దించు, ఆపు, జాగ్రత్త అన్న నాలుగు మాటలు ఆయనకి ఆరు భాషల్లో వచ్చు. ఐదో మాట ఒక్క భాషలోనూ సరిగా రాదు.

మా ఒక్కగానొక్క కొడుకు మాత్రం మాతో తెలుగూ, వీధిలో హిందీ, బంతి దగ్గర బెంగాలీ మాట్లాడేవాడు. అప్పటికి వాడికి పదకొండేళ్లు ఉంటాయి. చూడ్డానికి పుల్లలా ఉండేవాడు గానీ నాలుగు పది టీములో బంతి ఎటు తిరిగినా ఆఖరికి వాడి కాళ్ల దగ్గరికే చేరేది. సాయంత్రం ఆటకెళ్లినవాణ్ని ఇంటికి రప్పించాలంటే నాకు తాతలు దిగొచ్చేవారు. మట్టి కొట్టుకుపోయిన నిక్కరు ఉతకలేక నేను తిట్టని తిట్టు లేదు. వాడు ఆ తిట్లు వింటూనే అన్నం తినేవాడు, తింటూనే నిద్రపోయేవాడు.

ఇలా ఉండగా మా ఆయన గ్యాంగుకి సర్దారుగా ఉన్నాయన కొడుకు ఐదు రెండు టీముకి వెళ్లాడు. సర్దారు ఆ సంబరానికి డాకులో అందరికీ మిఠాయి పంచాడు. మా ఆయన వాటా రసగుల్లా ఇంటికి తెచ్చి, బల్ల మీద పెట్టి, దానికేసి చూస్తూ కూర్చున్నాడు. సర్దారు కొడుక్కి బంతి ఎటుందో కూడా తెలీదు, వాడు పెద్ద టీమూ మనవాడు చిన్న టీమూ ఏమిటని ఆయన బాధ. నిజానికి సర్దారు కొడుకు గొప్పగా ఆడి పైకి వెళ్లలేదు, తాటిచెట్టులా పెరిగి వెళ్లాడు. ఆ ముక్క ఆ పూట మా ఇద్దరికీ తట్టలేదు. పొడుగువాడు చిన్న టీములో ఆడకూడదు గానీ, పొట్టివాడు పెద్ద టీములో ఆడకూడదని నియమమేమీ లేదు. ఆ సంగతి మా ఆయనకి గుర్తుచేసింది నేనే. తప్పంతా ఆయన మీదకి తోసి నేను పక్కకి తప్పుకోవడం న్యాయం కాదు కాబట్టి చెబుతున్నాను.

మర్నాడు మా ఆయన డాకు నుంచి తిన్నగా మైదానానికి వెళ్లి మాస్టారుతో మాట్లాడి వచ్చాడు. మాస్టారు ముందు వద్దన్నాడట. ఈ వయసులో పిల్లాడి కాలికి బంతి ఎంత తగిలితే అంత మంచిది, పెద్ద టీములో వాడికి బంతి ఎవరిస్తారు అన్నాడట. మా ఆయన వదల్లేదు. ఆఖరికి మాస్టారు విసుగొచ్చి, సరే ఆడనివ్వండి, కానీ అని ఇంకో మాట కలిపాడు.

"ఒప్పీసుకున్నాడు. కాపోతే దూద్‌భాత్ అన్నాడు. గుంటడికి పాలన్నం పెట్టాలట," అన్నాడు మా ఆయన.

నాకు ఆ మాటలో వంకేమీ కనపడలేదు. దూధ్ అంటే పాలు, భాత్ అంటే అన్నం, ఈ రెండూ నా బజారు బెంగాలీలోనే ఉన్నాయి. పెద్దవాళ్లతో ఆడాలంటే బలం కావాలి, బలానికి పాలన్నం కావాలి. మాస్టారంటే ఇలా ఉండాలి అనుకున్నాను. మా సందు చివర గేదెల కొట్టం ఉండేది. పొద్దున్నే అక్కడికెళ్లి, నీళ్లు కలిపే వ్యవధి ఇవ్వకుండా పొదుగు కిందే చెంబు పెట్టి పాలు తెచ్చేదాన్ని. బడికెళ్లే ముందు ఒక గిన్నెడు, ఆటకెళ్లే ముందు ఒక గిన్నెడు. చప్పగా ఉంటే తినడేమోనని అరటిపండు కూడా పిసికి కలిపేదాన్ని.

మొదటిరోజు ఆ గిన్నె ముందు పెట్టి, పెద్ద టీములో ఆడేవాళ్లు ఇదే తినాలి, మాస్టారు చెప్పాడు అన్నాను. వాడు గిన్నెకేసి చూశాడు, నాకేసి చూశాడు, మొత్తం తినేశాడు. కాయగూర ఏది పెట్టినా పేచీపెట్టే పిల్లాడు ఇంత బుద్ధిగా తినడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. నెల దాటేసరికి ఇంకా చాలా మార్పులు కనపడ్డాయి. పిలవకుండానే దీపాల వేళకి ఇంటికొచ్చేస్తున్నాడు. పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటున్నాడు. నిక్కరుకి మట్టి అంటడం లేదు. పెద్ద టీమువాళ్లు పద్ధతిగా ఆడతారు కాబోలు, మనవాడికీ పద్ధతి వచ్చిందని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. సర్దారు భార్యకైతే రెండుసార్లు చెప్పాను.

అప్పుడొక బంద్ వచ్చింది. ఆ రోజుల్లో కలకత్తాలో బంద్‌లకి కొదవేముంది? ఎందుకు జరిగిందో ఇప్పుడు గుర్తులేదు, అప్పుడైనా తెలుసో లేదో. బస్సు లేదు, ట్రామ్ లేదు, పెద్దరోడ్డు మీద కుక్కలు కాళ్లు చాపుకుని పడుకున్నాయి. పిల్లలకది పండగ. పొద్దున్నుంచీ రోడ్డు మధ్యలో ఇటుకలు పెట్టి గోల్‌పోస్టులు చేసుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నారు. మా పైవాటాలో ఉండే బెంగాలీ దీదీ, నేనూ వరండాలో కూర్చుని బఠానీలు ఒలుస్తూ వాళ్లని చూస్తున్నాం.

దీదీకి నాలుగేళ్ల మనవడున్నాడు. వాడు ఊడిపోతున్న చెడ్డీ ఒక చేత్తో పట్టుకుని ఆటలోకి దూరిపోయాడు. పెద్దపిల్లలు వాణ్ని పొమ్మనలేదు. ఒకడు నవ్వి, "ఓ తో దూధ్‌భాత్" అని కేకేశాడు. అంతే, ఆ తర్వాత వాడు బంతి తీసుకుపోతే ఎవరూ అడ్డురాలేదు, వాడు కొట్టిన గోలు ఎవరూ లెక్కలో వేసుకోలేదు. ఎంత బుద్ధిమంతులో అనుకుని, మీ మనవడికి కూడా పాలన్నమే పెడుతున్నారా దీదీ అని అడిగాను.

దీదీ ఒడిలో బఠానీలన్నీ కింద పడేలా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, చేతులతో అభినయించి మరీ నాకు అర్థమయ్యేలా చెప్పింది. పిల్లల ఆటల్లో చిన్నవాడు ఏడుస్తాడని చేర్చుకుంటారు, వాడు అవుటైనా అవుట్ కాదు, గెలిచినా గెలుపు కాదు. వాడే దూధ్‌భాత్. తిండి కాదు, మాట.

ఓసి నా తల్లో, మనం ఆటలో అరటిపండు అంటామే, అదీ! మాస్టారు చెప్పింది అది. పెద్ద టీములోకి వస్తే రానివ్వండి గానీ అక్కడ మీవాడు ఆటలో అరటిపండు అని ఆయన మర్యాదగా చెబితే, మేం ఇంటికొచ్చి గేదెపాలు కొన్నాం. పైగా నేను ఆ పాలన్నంలో అరటిపండు కూడా పిసికాను. నవ్వాపుకోలేకపోయాను. దీదీ, నేనూ కాసేపు ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నాం.

నవ్వుతూ నవ్వుతూ రోడ్డుకేసి చూశాను. వీధిలో పిల్లలందరూ ఆడుతున్నారు. మావాడు ఎదురింటి మెట్టు మీద గడ్డం మోకాళ్లకి ఆనించుకుని కూర్చున్నాడు. బంద్ రోజు, ఖాళీ రోడ్డు, కళ్లెదురుగా బంతి, వాడు కూర్చునే ఉన్నాడు.

వాణ్ని లోపలికి పిలిచాను. వాడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"దూద్‌భాత్ అంటే ఏటో నీకు ముందే తెలుసేటి?" అన్నాను.

తెలుసన్నట్టు తలూపాడు.

"మరి నాకెందుకు సెప్పలేదురా?"

"నీకు తెలిసే పెడతన్నావనుకున్నానమ్మా," అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. నలభై రోజులు, పూటకో గిన్నె చొప్పున, నువ్వు లెక్కలో లేవురా అని వాడికి గుర్తుచేస్తున్నానన్నమాట. వాడు అలాగే అనుకున్నాడు. పెద్ద టీములో పేచీపెట్టకుండా ఒక మూల పడి ఉండమని అమ్మ తన పద్ధతిలో చెబుతోందనుకున్నాడు. అక్కడ వాడి పని ఏమిటంటే గీత అవతల నిలబడడం, కాలవలో పడిన బంతి తీసుకురావడం. ఆట ముగిసే వేళకి కాసేపు లోపలికి పంపేవారు. ఒక్కడూ వాడికి బంతి ఇచ్చేవాడు కాదు. ఇవన్నీ ఒక్కొక్కటీ లాగితే గానీ చెప్పలేదు. వాణ్ని దగ్గరికి తీసుకుని ఏడ్చాను.

మా ఆయన సాయంత్రం నడుచుకుంటూ ఇల్లు చేరాడు. పాలన్నం సంగతి చెబితే మొదట ఆయన కూడా పగలబడి నవ్వాడు. తర్వాత పిల్లాడు అన్నమాట చెప్పాను. నిక్కరుకి మట్టి అంటడం లేదని నేను మురిసిపోయిన సంగతి కూడా చెప్పాను. ఆయన కాళ్లు కడుక్కుంటున్నవాడల్లా చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇక్కడ మా ఆయన గురించి ఒకటి చెప్పాలి. ఆయన డాకులో చేరిన కొత్తలో నాలుగేళ్లు బద్లీ మనిషి. అంటే రోజూ పొద్దున్నే డాకు గేటు దగ్గర నిలబడాలి. గ్యాంగులో అసలు మనిషి ఎవరైనా రాకపోతే ఆ పూటకి లోపలికి పిలుస్తారు. అందరూ వస్తే ఇంటికి పోవాలి. ఆ నాలుగేళ్ల గురించి ఆయన నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.

"అయితే ఆడు బద్లీ అన్నమాట," అన్నాడు మెల్లిగా. "ఆడి నిక్కరు మాయట్లేదని నువ్వు సంబరపడ్డావు. బద్లీగా ఉన్నన్నాళ్లు నా బట్టలూ మాయలేదే. మాయని బట్టల్తో ఇంటికి రాడానికి నాకెంత సిగ్గేసీదో."

అని, పిల్లాణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఏ టీములో ఆడతావురా అని అడిగాడు. ఈ నలభై రోజుల్లో ఆ టీము గురించి మా ఆయన మాట్లాడాడు, నేను మాట్లాడాను, మాస్టారు మాట్లాడాడు, సర్దారు భార్య కూడా మాట్లాడింది. ఆడేవాణ్ని అడగడం అదే మొదటిసారి.

"బంతి నాకొచ్చే టీములో," అన్నాడు వాడు.

ఆదివారం ముగ్గురం మైదానానికి వెళ్లాం. మాస్టారు మా ముఖాలు చూసి, నాలుగు పది కర్ర కిందకి నడవమని వాడికి సైగ చేశాడు. వాడు నడిచాడు. కర్ర కదిలింది. కొంచెమే, కానీ కదిలింది. మాస్టారు వాడి మోకాళ్లు చూశాడు, నిటారుగానే ఉన్నాయి. ఇంకోసారి నడవమన్నాడు, ఇంకోసారి కదిలింది. నేను పెట్టిన పాలన్నం ఇంత పని చేస్తుందని నేనే అనుకోలేదు. నన్ను నేనే తిట్టుకుంటూ ఉంటే, మా ఆయన దగ్గరికెళ్లి వాడి తల తడిమాడు. వాడిది ఒత్తు జుట్టు, కొబ్బరినూనెకి కూడా లొంగేది కాదు. తగిలింది తల కాదు, జుట్టు. వచ్చే ఆదివారం నుంచి పేటల మధ్య పోటీ, దాని ముందురోజు మళ్లీ కొలుస్తానని మాస్టారు మాటిచ్చాడు.

మాకు అప్పన్న మొక్కు ఒకటి బాకీ ఉంది. పిల్లాడి పుట్టువెంట్రుకలు తీయించాక మళ్లీ అయిదో ఏట తీయిస్తామని మొక్కుకుని, సెలవు దొరక్క ఊరుకున్నాం. మా ఆయనకి అది సరిగ్గా అప్పుడు గుర్తొచ్చింది. శనివారం పొద్దున్నే పేవ్‌మెంటు మీద ఉండే మంగలి దగ్గర నున్నగా గుండు చేయించేశాడు. తీసిన జుట్టు నేను పసుపు గుడ్డలో మూటగట్టి, హౌరాలో రైలెక్కుతున్న మా వీధి ముసలమ్మ చేతికిచ్చాను, కొండ దగ్గర వేసెయ్యమని. దేవుడికి మేం అన్యాయమేమీ చెయ్యలేదు.

గుండుతో వాడు మా కంటే ముందు మైదానానికి పరుగెత్తాడు. మేం వెళ్లేసరికి అక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడేలా ఉంది. మాస్టారు కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, మావాణ్ని గుండెకి హత్తుకుని, గుండు నిమురుతున్నాడు. పిల్లలందరూ తలలు దించుకుని చుట్టూ నిలబడ్డారు. ఒకడైతే వెక్కుతున్నాడు. మావాడు ఊపిరాడక ఏదో చెప్పబోతున్నాడు గానీ ఎవరూ చెప్పనివ్వడం లేదు. బెంగాలీలకి పిల్లాడి గుండు అంటే ఒకటే అర్థం. ఇంట్లో తల్లో తండ్రో పోయారని.

సరిగ్గా అప్పుడు మా ఆయన కిళ్లీ నములుతూ గోడ చాటు నుంచి బయటికొచ్చాడు. మాస్టారు ఆయన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత వెనకాల నేను కనపడ్డాను. ఆయన మమ్మల్ని ఒకరి తర్వాత ఒకర్ని లెక్కపెట్టుకుని, గుండుకేసి చూసి, అడ్డకర్రకేసి చూసి, విషయం అర్థమయ్యాక గొడుగు కింద పారేసి నవ్వడం మొదలుపెట్టాడు. అంత పెద్దమనిషి అలా నవ్వగా నేను మళ్లీ చూడలేదు. ఆ నవ్వులోనే మావాడు కర్ర కింద నుంచి నడిచాడు. గుండుకీ కర్రకీ మధ్య గోరంత సందు ఉంది. పిల్లలు కేకలేస్తూ వాడి గుండు మీద దరువు వేశారు.

పోటీలో మావాళ్లు మూడు ఆటలు నెగ్గి నాలుగోది ఓడిపోయారు. ఏ ఆటలో ఎన్ని గోల్స్ పడ్డాయో నాకు గుర్తులేదు గానీ, ఎండకి మెరుస్తూ ఆ గుండు మైదానమంతా తిరగడం గుర్తుంది. బంతి కావలసినప్పుడల్లా వాడు ఇవ్వు ఇవ్వు అని బెంగాలీలో అరిచేవాడు, వాళ్లు ఇచ్చేవారు. మా ఆయన గీత పక్కన నిలబడి ఎత్తు, దించు, ఆపు అని ఆరు భాషల్లో అరిచాడు. ఫుట్‌బాల్‌కి ఆ మాటలు ఎంతవరకు పనికొస్తాయో నాకు తెలీదు, ఆయన గొంతు మాత్రం రెండు రోజులు పనిచెయ్యలేదు. నిక్కరు ఉతికితే మూడు బకెట్ల నీళ్లు ఎర్రగా వచ్చాయి. సంతోషంగా తిట్టుకుంటూ ఉతికాను.

పోటీ అయిపోయినా వాడి ఆట అయిపోలేదు. మళ్లీ మొదటికొచ్చింది, దీపాలు పెట్టినా ఇంటికి రాడు. ఒక సాయంత్రం పొయ్యి మీద పప్పు పెట్టి, ఇప్పుడే వస్తాను కదా అని నేనే బయల్దేరాను. దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూ వెళ్లాను. మైదానంలో సగం చీకటి పడిపోయింది. నలుగురైదుగురు పిల్లలు మిగిలారు. గుండు మీద అప్పుడప్పుడే నల్లగా మొలుస్తోంది. నన్ను చూడగానే వాడు పరుగెత్తుకొచ్చాడు. నేను నోరు తెరవక ముందే నా చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యంతా చెమట.

"వచ్చే ఏడు కర్ర తగిలీస్తాదమ్మా," అన్నాడు. "మరింక ఈ టీములో ఆడనివ్వరు. ఈ ఏడు ఆడుకోనీ."

పెంచి పెద్ద చెయ్యాలని నలభై రోజులు తొందరపడినదాన్ని. వాడికి వచ్చే ఏడు అప్పుడే కనపడుతోంది, నాకే కనపడలేదు. తెచ్చిన తిట్లన్నీ ఎటు పోయాయో.

"ఆడుకో నానా. నేనిక్కడే కూకుంటాను," అన్నాను.

గోడ పక్కన ఇటుకల మీద కూర్చున్నాను. బంతి కనపడనంత చీకటి పడ్డాక కూడా వాళ్లు చప్పుడు విని ఆడుతున్నారు. ఇంటికొచ్చేసరికి పప్పు మాడిపోయింది, ముగ్గురం అదే తిన్నాం.